సముద్రం చదువుకు ఎంపీసీయా, బైపీసీయా?

ప్రశ్న: మాది విశాఖపట్నం పెదజాలారిపేట. మా ఆయన మరబోటు మీద వేటకు వెళ్తారు. అమ్మాయి ఈ ఏడాది టెన్త్ పాసైంది, సముద్రం గురించే చదువుతానని పట్టుబట్టి కూర్చుంది. బైపీసీ తీసుకుంటేనే కుదురుతుందని కొందరు, అసలు ఆడపిల్లకు సముద్రం ఉద్యోగాలేమిటని మరికొందరు అంటున్నారు. అబ్బాయి ఇంటర్ ఎంపీసీ అయ్యింది. మర్చంట్ నేవీలో పెట్టిస్తానని ఒక ఏజెంటు 6 లక్షలు అడుగుతున్నాడు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు అబ్బాయి సంగతి. అక్కడ డబ్బు చేజారే ప్రమాదం ఉంది. ఆ ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఓడల మీదికి మనుషుల్ని పంపే సంస్థకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్నవాళ్లు కూడా ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. అది నిబంధన. లైసెన్సు నంబరు చెప్పమనండి, డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో సరిచూడండి. చాలామంది ఏజెంట్లు సీడీసీ తెప్పించి చేతిలో పెట్టి, పని అయిపోయినట్టే మాట్లాడతారు. సీడీసీ నావికుడి గుర్తింపు పుస్తకం మాత్రమే, దాంతో ఉద్యోగం రాదు.

సరైన దారి ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ పెట్టే ఐఎంయూ సెట్ ప్రవేశ పరీక్ష. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 60 శాతం, ఇంగ్లిష్‌లో 50 శాతం ఉండాలి. ఓడను నడిపే డెక్ అధికారి కావాలంటే మూడేళ్ల బీఎస్సీ నాటికల్ సైన్స్ గానీ, ఏడాది డీఎన్ఎస్ (డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్) గానీ. ఇంజిన్ వైపు అయితే నాలుగేళ్ల బీటెక్ మెరైన్ ఇంజినీరింగ్. ఎక్కువమంది బోర్లాపడే చోటు ఒకటుంది. కాలేజీలో సీటు వచ్చినంత మాత్రాన ఓడ మీద చోటు వచ్చినట్టు కాదు. డీఎన్ఎస్ చదివినవాడు 18 నెలలు ఓడ మీద కేడెట్‌గా పనిచేస్తే గానీ డెక్ అధికారి కావడానికి రాయాల్సిన సెకండ్ మేట్ పరీక్షకు అర్హుడు కాడు. ఆ చోటు ఇచ్చే కంపెనీ లేకపోతే ఫీజు కట్టి, చదువు ముగించి, ఇంట్లో కూర్చోవలసి వస్తుంది. అందుకే డీఎన్ఎస్‌కు ముందే ఒక షిప్పింగ్ కంపెనీ స్పాన్సర్‌షిప్ లేఖ కావాలి. ఆ కంపెనీలకు అబ్బాయే నేరుగా దరఖాస్తు చేసుకోవాలి.

దానికన్నా ముందు కళ్ల పరీక్ష, డీజీ షిప్పింగ్ ఆమోదించిన డాక్టరు దగ్గర. ఫీజులన్నీ దీని తర్వాతే. ఓడకు ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క ఆకుపచ్చ దీపం ఉంటాయి. రాత్రిపూట ఎదుటి ఓడ ఎటు పోతోందో ఆ రంగులను బట్టే తెలుస్తుంది. కాబట్టి రంగుల తేడా తెలియని కంటికి డెక్ మీద చోటు లేదు. ఇంజిన్ వైపు కొంత పవరున్న అద్దాలకు ఒప్పుకుంటారు గానీ, రంగుల పరీక్ష అక్కడా తప్పదు.

ఇక అమ్మాయి. బైపీసీ అయితేనే అన్నది సగం నిజం. సముద్రం చదువు ఒకటే చదువు కాదు. మన తీరంలోనే జరిగే ఒక సంగతి చెబుతాను, అమ్మాయికి చదివి వినిపించండి.

ఎండాకాలంలో నైరుతి గాలి మన తీరం వెంబడే వీస్తుంది. భూమి తిరగడం వల్ల పైనున్న నీరు గాలికి కుడివైపుకు, అంటే తీరం నుంచి లోపలి సముద్రంలోకి జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. పొలానికి ఎరువు వేసినట్టు, ఆ నీరు నైట్రేట్, ఫాస్ఫేట్ తెస్తుంది. వాటితో కంటికి కనిపించని పచ్చటి నాచు మొక్కలు పెరుగుతాయి. వాటిని తిని నీటిలో తేలే చిన్నచిన్న జీవులు, వాటి వెనకాల కవళ్లు, కానాగుర్తలు. వాల్తేరు తీరంలో ఈ నీటి కదలికను 1950లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ)లో పరిశీలించారు. అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1952లో ఇక్కడికి వచ్చి, మన విద్యార్థులకు సముద్రాన్ని కొలవడం నేర్పారు.

ఇది విన్నాక అమ్మాయి ఏ ముక్క దగ్గర ఆగి ప్రశ్నలు వేస్తుందో గమనించండి. గాలి, భూమి తిరగడం, నీరు కుడివైపుకే ఎందుకు జరిగింది అని అడిగితే ఆమెది ఎంపీసీ. నాచు, చేప, ఏది దేన్ని తింటుంది అని అడిగితే బైపీసీ. ఎంపీసీ నుంచి బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్ మీదుగా ఏయూలో సముద్ర శాస్త్రం పీజీకి వెళ్లవచ్చు. ఓడల రూపకల్పన మీద మనసుంటే ఐఎంయూ విశాఖ క్యాంపస్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ బీటెక్ ఉంది. ఆ చదువుకు తగిన పని ఉండే చోట్లు, నౌకాదళం కోసం పరిశోధనలు చేసే ఎన్‌ఎస్‌టీఎల్, హిందుస్థాన్ షిప్‌యార్డ్ రెండూ ఊళ్లోనే ఉన్నాయి. బైపీసీ అయితే ఈఏపీసెట్ ద్వారా నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ (మత్స్యశాస్త్రం డిగ్రీ), నెల్లూరు జిల్లా ముత్తుకూరు కాలేజీలో. లేదా బీఎస్సీ జువాలజీ చేసి ఏయూలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ (సముద్ర జీవ వనరులు) పీజీ. ఎటూ తేల్చుకోలేకపోతే నా ఓటు ఎంపీసీకే. దాన్నుంచి తెరుచుకునే తలుపులు ఎక్కువ. కానీ బీఎఫ్ఎస్సీ తలుపు మాత్రం దాంతో మూసుకుపోతుంది, అది తెలిసే చేరాలి.

ఏ గ్రూపు తీసుకున్నా కెమిస్ట్రీని చులకన చేయనివ్వకండి. పరిశోధన నౌక మీద చేసే పని చూస్తే ఎందుకో తెలుస్తుంది. సీటీడీ అనే పరికరాన్ని తీగ మీద కిందికి దించుతారు. అది ఉప్పదనం, ఉష్ణోగ్రత, లోతు కొలుస్తుంది. దాని చుట్టూ ఉన్న గొట్టాల్లాంటి సీసాలు ఒక్కోటి ఒక్కో లోతులో మూసుకుని అక్కడి నీళ్లు పట్టి తెస్తాయి. పైకి రాగానే అందరికంటే ముందు నీళ్లు పట్టుకునేది ఆక్సిజన్ కొలిచే మనిషి. ఆలస్యమైతే గాలి కలిసి లెక్క మారిపోతుంది. గొట్టం కొసను గాజుసీసా అడుగుకు ఆనించి, నీళ్లు పొర్లిపోయేదాకా నెమ్మదిగా నింపాలి. ఒక్క గాలి బుడగ మిగిలినా ఆక్సిజన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. తర్వాత మాంగనీస్ క్లోరైడ్, క్షారం కలిపిన పొటాషియం అయొడైడ్ వేస్తే గోధుమరంగు మడ్డి కడుతుంది. యాసిడ్‌తో దాన్ని కరిగించి థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేస్తారు. ఇంటర్ ల్యాబ్‌లో పిల్లలు విసుక్కుంటూ చేసే టైట్రేషనే ఇది. అక్కడ మాత్రం ఊగే ఓడలో, అర్ధరాత్రి షిఫ్టులో చేయాలి. వాంతులు అవుతాయి. మాత్ర ఓడ కదలక ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు.

ఒడ్డున ఉండి చేసే సముద్రం పని కూడా తక్కువ కాదు. చేపలు ఎక్కడ దొరకవచ్చో చెప్పే సూచనలు మీ ఆయనకు తెలిసే ఉంటాయి. వాటిని తయారుచేసేది సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. ఉపగ్రహం చూసిన నీటి వేడి, నీటిలోని పచ్చదనం కలిపి లెక్కిస్తారు. మబ్బు కమ్మితే ఉపగ్రహానికి సముద్రం కనబడదు, సూచన రాదు. పాండురంగాపురంలోని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం వాళ్లు రేవులోకి వచ్చిన చేపల పొడవు, బరువు కొలిచి, కడుపు కోసి గుడ్లు ఏ దశలో ఉన్నాయో రాసుకుంటారు. లాసన్స్ బే కాలనీలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఈ సంస్థల్లో శాస్త్రవేత్త ఉద్యోగం పీజీ, చాలాసార్లు పీహెచ్‌డీ అయితేనే. అంటే పీజీకి ఇంకో ఏడెనిమిదేళ్లు, పీహెచ్‌డీ కూడా అయితే పదకొండు పన్నెండేళ్ల చదువు. మధ్యలో సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే పరిశోధన చేసే కాలంలో నెలనెలా ఫెలోషిప్ డబ్బు అందుతుంది. ఆ ఏళ్లు ఇంట్లో ఎలా గడుస్తాయో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి.

ఆడపిల్లకు ఎందుకు అన్నవాళ్లకు ఒక్క పేరు చెప్పండి: అదితి పంత్. అప్పట్లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్త. 1983లో బయల్దేరిన భారత బృందంతో అంటార్కిటికా వెళ్లారు.

అడ్మిషన్‌కు ముందు ఒక పని చేయించండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, నాన్న ఇంట్లోనే ఉంటారు. ఆయన్ని తోడు తీసుకుని రోజూ ఒకే వేళకు తీరానికి వెళ్లమనండి. బకెట్‌తో నీళ్లు తీసి, నీడలో పెట్టి, వెంటనే థర్మామీటరు ముంచి, అది నీళ్లలో ఉండగానే చదవాలి. బయటికి తీసి చూస్తే తడి ఆరుతూ తక్కువ చూపిస్తుంది. పోటు ఎన్ని గంటలకు వచ్చిందో రాయాలి. అది రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. గాలి ఎటునుంచి వీస్తోందో నాన్నను అడిగి రాయాలి. 30 రోజులయ్యాక గీతల కాగితం మీద గ్రాఫ్ గీయమనండి. నీళ్లు ఉన్నట్టుండి చల్లబడిన రోజు కనబడితే, ముందు రోజుల్లో గాలి ఎటు వీచిందో పుస్తకం తిరగేసి చూడమనండి. ఆ పుస్తకం పట్టుకుని ఒకసారి ఏయూ సముద్ర శాస్త్ర విభాగానికి తీసుకెళ్లండి. గ్రూపు ఫారం ఆ తర్వాత నింపవచ్చు.