పెద్దవాళ్ళ వేలిని దృష్టిలో పెట్టుకుని తెర గియ్యి

చి॥ మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ యాప్ డిజైన్ పని నీకు అప్పగించారని విని చాలా సంతోషించాను. 2014లో, బతికే ఉన్నామని చెప్పే ఈ సర్టిఫికెట్‌ని ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ మొదలైంది, 2021లో ఫోన్‌కి ముఖం చూపించి పని పూర్తిచేసే వీలు వచ్చింది. నవంబరులో బ్యాంకు చుట్టూ తిరిగే శ్రమ ఎంతోమందికి తప్పింది. తెర ఇబ్బంది పెడితే మాత్రం వాళ్ళు మళ్ళీ ఆటో ఎక్కాల్సిందే.

అక్షరాలు పెద్దవి చెయ్యమని అందరూ చెబుతారు. చెయ్యి, మంచిదే. నేనైతే ముందు వేలి సంగతి చూడమంటాను. టచ్‌స్క్రీన్‌కి ఎంత గట్టిగా నొక్కామన్నది పట్టదు. చర్మం తగిలినప్పుడు విద్యుత్తులో వచ్చే మార్పునే అది పసిగడుతుంది. వయసు మీదపడి చర్మం పొడిబారితే ఒక్కోసారి ఆ స్పర్శ దానికి అందదు. పాపం, వాళ్ళేమో ఇంకా గట్టిగా, ఇంకాసేపు నొక్కిపడతారు. ఫోన్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుని అడగని మెనూ ఏదో తెరుస్తుంది. వేలు తీసేటప్పుడు కాస్త జారితే పేజీ కదిలిపోతుంది. చెయ్యి వణికితే ఒక నొక్కు రెండవుతుంది.

అందుకని లాంగ్ ప్రెస్ వెనక ఏ పనీ దాచకు. ఎంతసేపు నొక్కి వదిలినా మామూలు నొక్కుగానే తీసుకో. అదే బటన్ మీద వెంటనే పడిన రెండో నొక్కుని వదిలెయ్యి. వేలు తగలగానే బటన్ రంగు మారాలి, ఫోన్ కొద్దిగా వైబ్రేట్ అవ్వాలి. బటన్‌కి ఆండ్రాయిడ్ వాళ్ళు చెప్పే 48 డీపీ (డీపీ అంటే తెర మీద కొలతకి వాడే యూనిట్), అంటే సుమారు 9 మిల్లీమీటర్లు, కనీస కొలత మాత్రమే. నువ్వు ఇంకా పెద్దది ఇవ్వు. సబ్మిట్‌ని ఆనుకుని క్యాన్సిల్ పెట్టకు.

రంగుల విషయంలో తెల్లటి తెర మీద లేత బూడిద అక్షరాలు వద్దు. కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా, 4.5:1కి తగ్గకూడదు.

తెరని మొదటినుంచీ తెలుగులోనే గియ్యి. ఇంగ్లీషుకి సరిపోయిన లైన్ స్పేసింగ్‌లో 'రాష్ట్రం' అని పెట్టి చూడు, కింది ఒత్తులు తెగిపోతాయి. ఫోన్ సెట్టింగుల్లో ఫాంట్ పెంచితే 'ధ్రువీకరణ' బటన్ దాటి బయటికొస్తుంది.

అసలు టెన్షన్ ఓటీపీ దగ్గర. మెసేజ్ తెరిచి, అంకెలు చదువుకుని వెనక్కి వచ్చేసరికి గడువు అయిపోయి మొదటి పేజీ కనిపిస్తే ఎవరికైనా ఏడుపొస్తుంది. ఓటీపీని యాప్ తనంతట తానే తీసుకునేలా చెయ్యి. గడువు ముగిసేముందు 'ఇంకాసేపు కావాలా?' అని అడిగి, జవాబుకి కనీసం 20 సెకన్లు ఇవ్వు. నింపిన వివరాలు చెరిగిపోకూడదు. ఫొటో తీసేటప్పుడు కొందరు కళ్ళజోడు తీసేసి ఫోన్‌ని దూరంగా పట్టుకుంటారు. 'కళ్ళు ఆర్పండి' అని కింద చిన్నగా రాస్తే వాళ్ళకి ఏం కనిపిస్తుంది? తెలుగులో గొంతుతో చెప్పించు.

పరీక్షించేటప్పుడు 'అలా కాదు తాతగారూ' అంటూ ఫోన్ చేతిలోంచి తీసుకోకు. వేలు ఎక్కడ తడబడుతోందో చూసి రాసుకో.

80 ఏళ్ళు దాటిన కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు అక్టోబరు 1 నుంచే సర్టిఫికెట్ ఇవ్వొచ్చు కాబట్టి నీకు ఎక్కువ సమయం లేదు. వినాయక చవితికి వచ్చేటప్పుడు యాప్‌ని పాత ఫోన్‌లో వేసుకుని తీసుకురా. మా పెన్షనర్ల సంఘంలో పెద్దవాళ్ళతో నేను మాట్లాడి ఉంచుతాను.

మీ మావయ్య