మావాడి చెయ్యి చూసి బేస్‌బాల్‌కి పంపమంటున్నారు

ఆటల మాస్టారు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు
(విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్, ఒంగోలు)

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. రొయ్యల గుంటలున్నాయి. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. గుంటల మీద వాలే నీటికాకుల్ని చిన్నప్పటి నుంచీ రాళ్లేసి తోలేవాడు. ఇప్పుడు స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడి జిల్లా జట్టుకి ఎంపికయ్యాడు. మా తమ్ముడు అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాడు. అక్కడ కుమార్ రాకర్ అనే కుర్రాడి బేస్‌బాల్ ఆట చూశాడట. 'వాళ్లమ్మ మన దేశపు వాళ్ల బిడ్డే అక్కా, ఆ కుర్రాడికి కోట్లు ఇచ్చారు. టెన్త్ అవగానే మనవాణ్ని నా దగ్గరికి పంపు, చదువు సంగతి తర్వాత చూసుకోవచ్చు' అంటున్నాడు. మా ఆయనేమో ఇంటర్‌లో ఎంపీసీకి హాస్టల్లో వేయాలంటారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, రాళ్లు విసిరి పెరిగిన పిల్లల చేతిలో ఒక ఊపు ఉంటుంది. మా గ్రౌండ్‌లో అలాంటి వాళ్లను చూశాను. నేర్పకుండానే నడుము తిప్పి, మోచెయ్యి ముందుకు తెచ్చి వదులుతారు. మీవాడిలో అది ఉంటే సంతోషించాల్సిన విషయమే. అయితే మీ తమ్ముడు చెప్పిన కుర్రాడి సంగతి మీరు మొదటి నుంచీ వినాలి. ఆ కథలోనే మీ ప్రశ్నకి సగం జవాబుంది.

కుమార్ రాకర్ పిచ్చర్, అంటే బేస్‌బాల్‌లో బ్యాటర్‌కి బంతి వేసేవాడు. 1999 నవంబరులో పుట్టాడు. తల్లి లలిత, భారతదేశం నుంచి వెళ్లి స్థిరపడిన దంపతుల కూతురు. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద ఆటగాడు, ఆ తర్వాత కోచ్. అంటే కసరత్తు, తిండి, నిద్ర ఎలా ఉండాలో తెలిసిన ఇంట్లో పెరిగిన పిల్లవాడన్నమాట. 2018లో హైస్కూల్ అవగానే కొలరాడో రాకీస్ అనే జట్టు డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమంలో, 38వ రౌండ్లో ఇతని పేరు చదివింది. అతను ఆ జట్టులో చేరలేదు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి వెళ్లి చదువుకుంటూ ఆడాడు. ఈ ముక్క మీ తమ్ముడితో తప్పకుండా చెప్పండి.

మొదటి సంవత్సరమే, 2019 జూన్‌లో, డ్యూక్ యూనివర్సిటీ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా, అంటే ఎవరూ బంతిని కొట్టి బేస్ చేరకుండా, 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతి సరిగా కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. ఆ ఏడాది కాలేజీల జాతీయ టైటిల్ వాళ్లదే, అందులో ఉత్తమ ఆటగాడు ఇతనే. ఇక తిరుగులేదనుకున్నారు అందరూ. 2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ అతన్ని 10వ ఆటగాడిగా ఎంచుకుంది. 60 లక్షల డాలర్లకి మాట కూడా కుదిరింది. తర్వాత వైద్య పరీక్షలు చేయించి, చేతి విషయంలో అనుమానమొచ్చి, సంతకం చేయకుండా వెనక్కి తగ్గింది. ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు, దేశమంతా పేరు తెలిసినవాడు, చేతిలో జట్టు లేకుండా మిగిలిపోయాడు. ఆ సెప్టెంబరులో భుజానికి ఆపరేషన్ జరిగింది.

తర్వాత అతను చేసిన పని నాకు ఎంతో నచ్చుతుంది. 2022లో పెద్ద జట్లతో సంబంధం లేని ఫ్రాంటియర్ లీగ్‌లో, ట్రై సిటీ వ్యాలీక్యాట్స్ అనే చిన్న జట్టు తరఫున దిగాడు. టీవీ కెమెరాలు చుట్టుముట్టిన పిల్లవాడు అక్కడికెళ్లి మళ్లీ మొదటి నుంచి బంతి వేశాడు. ఆ జులైలో టెక్సాస్ రేంజర్స్ అతన్ని 3వ ఆటగాడిగా తీసుకుని 52 లక్షల డాలర్లు ఇచ్చింది. మీ తమ్ముడు చెప్పిన కోట్లు ఇవే.

కష్టం అక్కడితో తీరలేదు. 2023లో నార్త్ కరోలినాలోని హికరీ అనే ఊళ్లో, కింది స్థాయి జట్టుకి ఆడుతుండగా మోచేతి లిగమెంటు, అంటే ఎముకల్ని కలిపి పట్టే కట్టు, దెబ్బతింది. మేలో టామీ జాన్ ఆపరేషన్. ఇది డాక్టర్ ఫ్రాంక్ జోబ్ 1974లో టామీ జాన్ అనే పిచ్చర్‌కి మొదటిసారి చేసింది. తెగిన లిగమెంటు స్థానంలో శరీరంలో వేరే చోటి నుంచి తీసిన స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటి దాన్ని, అమరుస్తారు. మళ్లీ పూర్తి వేగంతో బంతి వేయడానికి ఏడాది, కొందరికి ఏడాదిన్నర. కుమార్ 2024 వేసవిలో తిరిగొచ్చి, రేంజర్స్ కింది జట్లయిన ఫ్రిస్కో, రౌండ్ రాక్‌లకి ఆడి, ఆ సెప్టెంబరు 12న సియాటెల్‌లో మేజర్ లీగ్‌లో, అంటే అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై స్థాయిలో, అడుగుపెట్టాడు. నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకౌట్లు. 2025లో మళ్లీ భుజం ఇబ్బందితో కొన్ని వారాలు ఆట మానాల్సి వచ్చింది.

ఇప్పుడు డబ్బు సంగతి. అన్ని లక్షల డాలర్లు డ్రాఫ్ట్‌లో పైవరసలో ఉన్న కొద్దిమందికే. మిగతా కుర్రాళ్లు కింది లీగుల జీతంతో నెట్టుకొస్తారు. హికరీ జట్టు అప్పట్లో ఉన్న హై ఏ అనే కింది స్థాయిలో 2023 ముందు వరకూ ఏడాదికి కనీస జీతం 11,000 డాలర్లు. ఆటగాళ్లంతా యూనియన్‌గా ఏర్పడి ఒప్పందం చేసుకున్నాక అది 27,300 అయింది. బస్సుల్లో ఊరూరూ తిరగడం, గదులు పంచుకోవడం, ఏ రోజు తీసేస్తారో తెలియకపోవడం. ఎక్కువమంది మేజర్ లీగ్ మెట్లు ఎక్కకుండానే ఇంటికి వెళ్లిపోతారు.

మీవాడి లాంటి పిల్లలు ఇద్దరు మన దేశం నుంచే వెళ్లారు. ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి వచ్చిన రింకూ సింగ్, దినేష్ పటేల్. ఇద్దరూ జావెలిన్ వేసేవాళ్లు, బేస్‌బాల్ తెలియదు. 2008లో ఒక టీవీ పోటీలో వేగంగా బంతి విసిరి నెగ్గారు. అమెరికాలో నెలల తరబడి శిక్షణ తీసుకున్నాక పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుతో సంతకం చేశారు. దినేష్ రెండు సీజన్లు ఆడాడు. రింకూ ఇంకొన్నేళ్లు నిలబడ్డాడు, అతనికీ మోచేతి గాయమే అడ్డమొచ్చింది. ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగ్ దాకా చేరలేదు. వాళ్ల శ్రమ చిన్నది కాదు. పుట్టినప్పటి నుంచి ఆ ఆటలో ఉన్నవాళ్లతో పోటీపడ్డారు, అదీ భాష తెలియని చోట.

ఇంకొకటి మీ తమ్ముడు గమనించాలి. అక్కడి ప్రభుత్వ హైస్కూల్లో స్టూడెంట్ వీసా మీద పన్నెండు నెలలకి మించి చదవనివ్వరు. ఆ చదువు ఖర్చంతా మనమే కట్టాలి. కాలేజీ జట్టులో ఆడాలన్నా హైస్కూల్ మార్కులు చూస్తారు. చదువు పక్కనపెడితే మూసుకుపోయేది ఆ తలుపే.

నా సలహా ఇదమ్మా. టెన్త్ దాకా సాఫ్ట్‌బాల్ మానొద్దు. పీఈటీ సారుతో మాట్లాడి జావెలిన్ కూడా పట్టించండి. ఆ భుజానికి మన దగ్గర దారున్న ఆట అది. అందులోనూ జాగ్రత్త కావాలి, నీరజ్ చోప్రా అంతటివాడికి 2019లో మోచేతి ఆపరేషన్ అయింది, ఆ తర్వాతే టోక్యోలో 87.58 మీటర్లు వేసి బంగారం తెచ్చాడు. ఇంటర్‌లో ఎంపీసీ చదివించండి, కాకపోతే సాయంత్రం గంటన్నర గ్రౌండ్‌కి వదిలే కాలేజీ వెతకండి. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా గదిలో కూర్చోబెట్టే హాస్టల్ వద్దని మీ ఆయనకి నా మాటగా చెప్పండి. పిల్లవాణ్ని కూడా కూర్చోబెట్టి అడగండి. మీ ఉత్తరంలో తమ్ముడి మాట, భర్త మాట ఉన్నాయి, వాడి మాట ఒక్కటీ లేదు.

ప్రశ్న: నాకు 14 ఏళ్లు. స్కూల్ బేస్‌బాల్ టీమ్‌లో పిచ్చర్‌ని. ఆట అయ్యాక మోచేతి లోపలి పక్క లాగేస్తుంది. బామ్ రాసుకుని మర్నాడు వేస్తున్నా. ఏమైనా అవుతుందా?
– విద్యార్థి, సింగరాయకొండ

జవాబు: అవుతుంది నాయనా, వెంటనే ఆపు. అరచెయ్యి పైకి పెట్టి, మోచేతి లోపలి వైపు బుడిపెలా తగిలే ఎముకను వేలితో నొక్కి చూడు. దానికి కాస్త కింద నొప్పి ఉంటే అది కండరం అలసట అని వదిలేయకూడదు. పై జవాబులో చెప్పిన లిగమెంటు అక్కడే ఉంటుంది. నీ వయసులో ఎముక ఎదిగే చోటు కూడా అదే. బామ్ నొప్పి తెలియకుండా చేస్తుంది, లోపల జరిగేది ఆగదు. ఎముకల డాక్టర్‌కి చూపించు.

అమెరికాలో పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్‌లో నీ వయసు పిల్లలు రోజుకి 95 బంతులకి మించి వేయకూడదు. 66 వేసినా నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాల్సిందే. మన దగ్గర టోర్నమెంట్ అంటే రెండు రోజుల్లో అన్ని మ్యాచ్‌లూ ఒక్కడితోనే వేయిస్తారు. నేను పనిచేసిన ఒక ఊళ్లో అలాగే వేయించిన కుర్రాడు ఇప్పుడు మోటారు రిపేరు షాపు నడుపుతున్నాడు, కుడిచెయ్యి పూర్తిగా చాచలేడు. బాగా వేసేవాడు. మీ సారు ఒత్తిడి చేస్తే ఈ పేజీ చూపించు.

ప్రశ్న: ఫాస్ట్ బౌలింగ్ వేసే పిల్లల్ని పిచ్చర్లుగా మార్చొచ్చా? బంతి బరువులో తేడా ఉంటుందా?
– వ్యాయామ ఉపాధ్యాయుడు, కనిగిరి

జవాబు: బేస్‌బాల్ బంతి 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి 156 నుంచి 163. కాబట్టి బరువు సమస్య కాదు. బౌలర్ పరుగెత్తి వచ్చి చెయ్యి చాచి వేస్తాడు. పిచ్చర్ నిలబడ్డచోటే కాలెత్తి, మోచెయ్యి వంచి, 18.44 మీటర్ల దూరానికి విసురుతాడు. అలవాటు పూర్తిగా వేరు. మీ జట్టులో బౌండరీ దగ్గర నుంచి కీపర్ చేతికి నేరుగా విసిరే ఫీల్డర్ ఎవరో చూసి, ముందు వాడితో మొదలుపెట్టండి. మొదటి నెల సగం దూరం నుంచే వేయించండి, వేగం అడగకండి.