పంచాయతీ బాబాయ్ జవాబులు: ప్లాన్ ఫీజు ఏ ఖాతాలోకి పోతుంది?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి సగం ఇంటి ప్లాన్ ఫీజుల గురించీ పంచాయతీ డబ్బుల గురించీ వచ్చాయి. నేను ఆడిట్‌లో చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఇలాంటివి చూస్తే చెయ్యి ఊరుకోదు, అందుకే పింఛన్ల ప్రశ్నలన్నీ వచ్చే నెలకి తోసేసి ఈసారి ఇవే తీసుకున్నాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: బాబాయ్ గారూ నమస్తే అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, మావారు కువైట్‌లో ఉంటారు. కొబ్బరితోట ముక్కలు చేసి అమ్ముతుంటే అందులో 150 గజాలు కొన్నాం, మెరక కూడా చేయించాం. తీరా ఇల్లు మొదలెడదామంటే ప్లానర్ గారు ఫీజులే లక్ష దాటతాయంటున్నారు. మా తోడికోడలు వాళ్ళకి పాతిక వేలు కూడా అవ్వలేదండి. మాకే ఎందుకింత? ఇదంతా పంచాయతీకే పోతే మా వీధికి ఇంకా మట్టిరోడ్డే ఎందుకుంది?
— ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: అమ్మా, అసలు కిటుకు నువ్వే రాసేశావు, తోట ముక్కలు చేసి అమ్మారు అన్నావే, అక్కడుంది. లేఅవుట్ పద్ధతిగా వేస్తే రోడ్లు కాకుండా ఇంకో 10 శాతం జాగా పార్కుకని ఖాళీగా వదలాలి, అది అమ్మినాయన వదల్లేదు, ఆ గజాలు కూడా అమ్ముకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ లోటు కొన్నవాళ్ళ మీద పడుతుంది. ఓపెన్ స్పేస్ చార్జీ అని స్థలం విలువలో ఇంత శాతం వేస్తారు, 14 శాతం అనుకో. లెక్క వేసుకుందాం, రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకంలో మీ ఊరి గజం 4,000 ఉందనుకో, 150 గజాలకి 6 లక్షలు, అందులో 14 శాతం అంటే 84,000. మీ తోడికోడలు వాళ్ళది అప్రూవ్డ్ లేఅవుటో పాత గ్రామకంఠమో (ఊళ్ళో మొదట్నుంచీ ఇళ్ళున్న జాగా) అయ్యుంటుంది, వాళ్ళకి ఈ లైనే ఉండదు. అంతే తేడా, మీ మీద కక్షేం లేదు.

ఇంక రెండోది లేబర్ సెస్సు. కట్టుబడి ఖర్చులో 1 శాతం, స్థలం ధర కలపరు. సొంతంగా ఉండటానికి కట్టుకునే ఇల్లు 10 లక్షల లోపైతే ఇది కట్టక్కర్లేదని, దాటితే మొత్తం మీద పడుతుందని పాత రూలు, 18 లక్షలంటే 18,000 పడేది; 2025 నవంబరులో కొత్త కార్మిక చట్టం అమల్లోకి వచ్చాక ఆ హద్దు 50 లక్షలైంది, కాబట్టి నీ డిమాండులో ఈ లైను ఉంటే ఎందుకని అడుగు. ఇది పంచాయతీది కాదు, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకి వెళ్తుంది. ఇక్కడ ఒక మాట చెప్తా, నీ ఇంటికి పనికొచ్చే తాపీమేస్త్రికీ సెంట్రింగ్ కుర్రాళ్ళకీ ఆ బోర్డు కార్డుందో లేదో ఓసారి అడుగు. 18 నుంచి 60 ఏళ్ళ లోపుండి ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్ళు చేరొచ్చు. వాళ్ళ పేరు మీద డబ్బు కట్టేది ఇళ్ళు కట్టించుకునేవాళ్ళు, ఆ బోర్డొకటి ఉందని కూడా వాళ్ళలో చాలామందికి తెలీదు.

మూడోది డెవలప్‌మెంట్ చార్జీలు. మీ ఊరు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలో ఉంటే అవి ఆ అథారిటీకి పోతాయి. అన్నీ తీసేశాక బిల్డింగ్ లైసెన్స్ ఫీజు లాంటివి మిగుల్తాయే, ఖచ్చితంగా మీ పంచాయతీదని చెప్పుకోదగ్గది ఆ ముక్కే. లక్ష కట్టినా మీ వీధి మట్టిరోడ్డుగానే ఉండటానికి సగం కారణం ఇది.

ప్లానర్ గారు నోటితో చెప్పిన మొత్తానికి డబ్బివ్వకు. ఆన్‌లైన్లో ఫీజు డిమాండ్ వస్తుంది, ప్రతి ఫీజూ విడివిడిగా ఉంటుంది, అది ప్రింటు తీయించుకుని ముందు చదువుకో. ప్లానర్ తన డ్రాయింగుకీ తిరుగుడుకీ తీసుకునేది వేరు, ఆ రెండూ కలిపి ఒకే అంకె చెప్తే విడగొట్టి రాసిమ్మని అడుగు. మొహమాటపడకు, మావారు కువైట్ నుంచి అడుగుతున్నారండి అను, పనైపోద్ది.

ప్రశ్న: డిమాండులో ఉన్నది కట్టేశామండి. పైన ఇంకో పది వేలు చేతికిస్తే ఫైలు కదులుతుందంటున్నారు. ఇమ్మంటారా?
— పాలకొల్లు వైపు నుంచి

జవాబు: వద్దు. రసీదు రాని డబ్బు ఫీజు కాదు. ఏసీబీ, అదే అవినీతి నిరోధక శాఖ, టోల్ ఫ్రీ 1064 ఉంది. ఫోన్ చెయ్యడానికి భయమైతే ఆలస్యానికి కారణం రాసిమ్మని ఒక అర్జీ పెట్టి అక్నాలెడ్జిమెంట్ తీసుకోండి, ఒక్కోసారి ఆ కాగితానికే కదులుతుంది.

ప్రశ్న: సార్, మాది భీమవరం పక్కన పల్లె. పంచాయతీల లెక్కలు పెట్టే ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో చూస్తే మా పంచాయతీకి లక్షల్లో వచ్చినట్టుంది. మా వీధిలో మోకాలి లోతు మురుగు. ప్రెసిడెంటు గారిని అడిగితే డబ్బుందిగానీ ముట్టుకోలేను తమ్ముడూ అంటున్నారు. అబద్ధమేనా?
— బీటెక్ చదివి ఊళ్ళోనే ఉంటున్నవాణ్ణి

జవాబు: తమ్ముడూ, సగం అబద్ధం సగం నిజం, ఏది ఏ సగమో చెప్తాను. నువ్వు చూసింది 15వ ఆర్థిక సంఘం డబ్బు, అంటే కేంద్రం పంచాయతీలకిచ్చేది, 2021 నుంచి 2026 వరకు దాని లెక్క. అందులో 60 శాతం టైడ్, అంటే తాగునీరూ పారిశుధ్యం తప్ప ఇంకోదానికి వాడకూడదు. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకీ ఆఫీసు ఖర్చులకీ మాత్రం కాదు. కాబట్టి సీసీ రోడ్డు అడిగుంటే ఆయన చెప్పింది కొంతవరకు ఒప్పుకుందును, నువ్వడిగింది మురుగు, మురుగంటే పారిశుధ్యం, ముట్టుకోలేను అనే మాట అక్కడ నిలవదు.

నిజం సగం ఏంటంటే, ఈ డబ్బు బయటికి రావాలంటే ప్రెసిడెంటూ సెక్రటరీ ఇద్దరి డిజిటల్ సంతకాలూ పడాలి, ఒకళ్ళకొకళ్ళకి పడకపోతే ఏ బిల్లూ కదలదు. ఇంక ఇంటిపన్నుతో వచ్చే జనరల్ ఫండుందే, అది ఊరి సొంత డబ్బే, అయినా ట్రెజరీలో ఉంటుంది, అక్కడ బిల్లులు ఆగాయంటే వీధిలైటు మార్చడానికి కూడా ప్రెసిడెంటు చేతి డబ్బు పెట్టుకోవాలి, అలా పెట్టుకుని నెలలకొద్దీ తిరిగినవాళ్ళని చూశాను. 2021లో ఆర్థిక సంఘం డబ్బులు కరెంటు బకాయిల కింద సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కింది గుర్తుందిగా. బాకీ కట్టక్కర్లేదని ఎవరూ అనలేదు, మా ఖాతాలోంచి మమ్మల్ని అడక్కుండా ఎలా తీస్తారన్నదే గొడవ. కేంద్రం డబ్బు రాష్ట్రానికి చేరాక పది పనిదినాల్లో స్థానిక సంస్థలకి వెయ్యాలి, ఆలస్యమైతే వడ్డీతో వెయ్యాలి, ఇదీ రూలే. పై నుంచి లెక్క అడగడం తప్పని నేననను, జీవితాంతం నేను తిన్నదే ఆ ఉద్యోగం కూడు. లెక్క అడగడం వేరు, తాళం జేబులో పెట్టుకోవడం వేరు.

అన్నట్టు మీ మురుక్కి డబ్బొక్కటే కారణమనుకోను. మన డెల్టాలో ఎవరిల్లు వాళ్ళు మెరక చేసుకుంటూ పోతారు, వీధి పల్లమైపోతుంది, దాని పక్కన కొత్తగా సిమెంటు డ్రైనేజీ కడితే అది వీధి కన్నా ఎత్తులో ఉంటుంది, నీళ్ళు అందులోకి ఎక్కమంటే ఎలా ఎక్కుతాయి? కట్టినా అది వెళ్ళి కలిసే పెద్ద డ్రెయిను పంచాయతీది కాదు, జలవనరుల శాఖది, దాంట్లో గుర్రపుడెక్క తీయకపోతే మీ వీధి నీళ్ళు మళ్ళీ మీ వీధికే వస్తాయి. వచ్చే గ్రామసభలో డ్రైనేజీ కావాలని ఊరికే అనొద్దు, లెవెల్స్ తీయించారా, చివర ఎక్కడ కలుపుతున్నారు అని అడుగు, అడిగింది తీర్మానం పుస్తకంలో రాయించు. బీటెక్ చదివావుగా.

ప్రశ్న: ఇన్ని కోట్లు ఖర్చయ్యాయంటారు కదండీ, తింటే పట్టుకునేవాడు ఎవరు? ఆడిట్ అనేది నిజంగా జరుగుద్దా?
— ఒక రిటైర్డ్ టీచరు, రాజోలు వైపు

జవాబు: జరుగుతుంది మాస్టారూ, రాష్ట్ర ఆడిట్ శాఖ ప్రతి పంచాయతీ పుస్తకాలూ చూస్తుంది, ఇప్పుడు ఆర్థిక సంఘం డబ్బులకి ఆన్‌లైన్ ఆడిట్ కూడా వచ్చింది. మేం పెద్ద తెలివైనవాళ్ళం అని కాదుగానీ ఊరు తెలిస్తే కొన్ని ఇట్టే దొరుకుతాయి. ఒక పంచాయతీలో వోచర్లు తిరగేస్తున్నాను, పేరు వద్దులెండి. కాలవ నుంచి మంచినీళ్ళ చెరువుకి నీళ్ళు తోడామని ఆయిలింజను డీజిల్ బిల్లులు, నీలం ఇంకుతో, ఒకే చేతిరాత, అన్నీ మే నెలవి. నేను సెక్రటరీ మొహం చూశాను, ఆయన ఫ్యాను వైపు చూశాడు. మే నెలలో కాలవలు కట్టేస్తారని మన డెల్టాలో పిల్లాణ్ణడిగినా చెప్తాడు కదండీ. నీళ్ళే లేని కాలవలోంచి పన్నెండు రోజులు తోడారు!

అభ్యంతరం రాశాను. రాసేదాకే మా పని. ఆ తర్వాత పంచాయతీ సమాధానం ఇవ్వాలి, ఇవ్వదు, పై నుంచి గుర్తు చేస్తూ ఉత్తరాలు వస్తాయి, ఈలోగా సెక్రటరీ మారిపోతాడు, కొత్తాయన నాకు తెలీదంటాడు. మీరు చెయ్యగలిగిందొకటుంది, సమాచార హక్కు కింద మీ పంచాయతీ ఆడిట్ రిపోర్టు ఫలానా సంవత్సరానిది కాపీ, అందులో అభ్యంతరాలూ వాటికిచ్చిన జవాబులూ అడగండి. మన రాష్ట్రంలో ఊరి స్థాయి ఆఫీసులో దరఖాస్తుకి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకి 30 రోజులు గడువు, రాకపోతే ఇంకో 30 రోజుల్లో అప్పీలు వేసుకోవాలి. "అవినీతి వివరాలు ఇవ్వండి" అని రాస్తే చెత్తబుట్టే, కాగితం పేరు పెట్టి అడగండి.

ఆ డీజిల్ డబ్బు రికవరీ అయ్యిందా అని మీరెలాగూ అడుగుతారు. నాకు అక్కణ్ణుంచి ట్రాన్స్‌ఫర్ వచ్చేనాటికి నాలుగేళ్ళయింది, అప్పటికి ఒక్క రూపాయి కూడా రాలేదు మాస్టారూ.