ముందు ఆ 9వ పిన్ ఎటు పోయిందో చూడండి

మీరు రాసింది ఏమిటంటే, బోర్డు మీద యూఎల్‌ఎన్2003 (చిన్న సిగ్నల్‌తో కాయిళ్లని ఆన్, ఆఫ్ చేసే ఏడు చానెళ్ల ఐసీ) ఒకటే ఉంది, దానికే 12 వోల్టుల రిలేలు మూడు, 24 వోల్టుల డీసీ గాలి వాల్వులు నాలుగు పెట్టారు, రెండు రోజులకోసారి ఐసీ పోతోంది, దొరికే ఐసీ నకిలీదేమో అని అనుమానం. నకిలీలు ఉంటాయి, కాదనను. కానీ నేనైతే ముందు 9వ పిన్ దగ్గర మొదలుపెడతాను. సరిగ్గా ఇదే తప్పు నేనూ చేశాను కాబట్టి.

గుంటూరులో ఒక కారం ప్యాకింగ్ మిషన్‌కి బోర్డు చేశాను. విజయవాడలో బల్ల మీద రిలేలు మాత్రమే పెట్టి చూశాను కాబట్టి 9వ పిన్, అంటే ఐసీ లోపలి డయోడ్లన్నీ కలిసే కామన్, 12 వోల్టులకే కలిపేశాను. అక్కడికెళ్లి వాల్వులు తగిలిస్తే 12 వోల్టుల లైను మీద మీటరు 17 చూపిస్తోంది, 5 వోల్టులిచ్చే రెగ్యులేటర్ 7805 చెయ్యి పెట్టలేనంత వేడి! తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, వాల్వు ఆఫ్‌లో ఉన్నప్పుడు 24 వోల్టులు కాయిల్ గుండా వచ్చి, ఐసీ లోపలి డయోడ్ గుండా 12 వోల్టుల లైన్లోకి దూరిపోతున్నాయి. అప్పుడు మాత్రం అంత ఆలోచించలేదు, ఆ మే నెల ఎండలో, ముక్కు నిండా కారం ఘాటుతో, కామన్ వైరు కత్తిరించేశాను. వోల్టేజీ సర్దుకుంది, మిషన్ చక్కగా నడిచింది, హాయిగా బస్సెక్కి వచ్చేశాను. మూడో రోజు ఫోన్, "అయ్యా, మీ బోర్డు ఆగిపోయిందండీ" అని.

కామన్ వదిలేస్తే కాయిల్ ఆఫ్ అయిన ప్రతిసారీ దానిలో నిలవున్న శక్తికి పోవడానికి దారి ఉండదు. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ట్రాన్సిస్టర్ మీద పడుతుంది, అది తట్టుకునేది 50 వోల్టులే. వెంటనే చావదు, అందుకే మనం మోసపోతాం.

కామన్‌ని ఎక్కువ వోల్టేజీకి, అంటే 24కి కలిపితే పని జరుగుతుంది. కాకపోతే ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి 24 తీసేసి 12 అలాగే ఉంచితే, ఈసారి రిలేల కరెంటు అటు పారుతుంది. అందుకే నేను చివరికి రిలేలకి ఒక ఐసీ, వాల్వులకి ఒక ఐసీ పెట్టి, దేని కామన్ దాని సప్లైకే ఇచ్చాను. ఇంకో ఐసీ ఖరీదెంతండీ, ఒకసారి గుంటూరు వెళ్లొచ్చే బస్సు చార్జీ కూడా కాదు.

వేడి సంగతి కూడా చూసుకోండి. ఒక్కో చానెల్‌కి 500 మిల్లీయాంపులు అని డేటాషీట్‌లో చూసి ఏడూ కలిపి వాడేయకూడదు. 4.8 వాట్ల వాల్వు 200 మిల్లీయాంపులు లాగుతుంది, ఐసీ లోపలి ట్రాన్సిస్టర్ జంట (డార్లింగ్టన్) మీద దాదాపు ఒక వోల్టు పోతుంది, నాలుగూ ఒకేసారి ఆన్‌లో ఉంటే ఆ చిన్న ఐసీలో 0.8 వాట్లు. మూసిన ప్యానెల్లో అది తక్కువేం కాదు. వాల్వులు ఎక్కువసేపు ఆన్‌లో ఉండేవైతే ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ లాంటి మాస్‌ఫెట్ (ఇంకో రకం ట్రాన్సిస్టర్) మేలు, దాన్ని ఆన్ చేసే కాలికి, అంటే గేటుకి, 5 వోల్టులు ఇవ్వండి, కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్ మీరే వేసుకోవాలి, దానిలో ఈ డయోడ్ ఉండదు.

ఒకసారి వాల్వు మీద లేబుల్ కూడా చదవండి, ఏసీ అని ఉంటే ఈ ఐసీతో నేరుగా నడవదు, మధ్యలో రిలే పెట్టాల్సిందే.