దుమ్ము పీల్చే మిషన్ కొనే ముందు: మేనల్లుడికి మామయ్య ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మిషన్ల ఫొటోలు, ధరలు అన్నీ చూశాను. ఏది కొనమంటావని అడిగావు కదా, సూటిగానే చెబుతాను. పొట్టును గుడ్డ సంచిలోకి లాగే ఆ రెండు హార్స్‌పవర్ సంచి మిషన్ ఇప్పుడే కొనకు. నీ వడ్రంగి షెడ్డులో ఉన్నవి చిన్న టేబుల్ సా, మైటర్ సా అనే రంపపు మిషన్లు, గాడులు తీసే రూటర్, చెక్కను నున్నగా రుద్దే ఆర్బిటల్ సాండర్. వీటికి ఒక వెట్ అండ్ డ్రై వాక్యూమ్, దాని ముందు ఒక సైక్లోన్ డబ్బా, గోడకు ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే సరిపోతుంది. మిగిలిన డబ్బు మంచి ఫిల్టరుకూ మాస్కుకూ పెట్టు.

ముందు ఒక సంగతి బుర్రకెక్కించుకో. రంపపు పొట్టు, చిత్రిక పొట్టు మనకు శత్రువులు కావు. అవి కాళ్ల దగ్గర పడతాయి, చీపురుతో ఊడ్చేస్తే పోతాయి. చేటు చేసేదంతా కంటికి ఆనని పొడే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్ల కంటే సన్నని పొడి ముక్కులో ఆగకుండా గొంతు దాటి లోపలికి పోతుంది, ఇంకా సన్నదైతే ఊపిరితిత్తుల అడుగుదాకా దిగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్కపొడిని మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ముఖ్యంగా ముక్కు లోపల, సైనస్‌లలో వచ్చే క్యాన్సర్ అది. మా తరం వాళ్లం ముక్కుకు తువ్వాలు చుట్టుకుని పని చేశాం. ఆ తువ్వాలు పొట్టును ఆపుతుందేగానీ ఈ పొడిని ఆపదు. నువ్వు మాత్రం అలా చెయ్యకు.

నమ్మకం కుదరకపోతే ఒక రాత్రి సాండింగ్ చేసి, మిషన్ ఆపిన పావుగంటకు లైట్లన్నీ ఆర్పి టార్చి వెయ్యి. ఆ వెలుగు దారిలో ఇంకా తేలుతూ ఉంటుంది చూడు, అదీ నువ్వు పీల్చేది. ట్యూబులైటు పైన వేలు పెట్టి గీసినా తెలుస్తుంది, అక్కడ పేరుకున్నది పౌడరులాగా మెత్తగా ఉంటుంది.

చెక్కను బట్టి కూడా తేడా ఉంటుంది. టేకు పొడి, జిట్రేగి పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తాయి, ఆయాసం కూడా తెస్తాయి. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి మెత్తటి చెక్క, దాని పొడి మరీ తేలిక, త్వరగా కిందికి దిగదు. ఇక ఎం.డి.ఎఫ్., అంటే చెక్క పీచును జిగురుతో అదిమి చేసే షీటు, కోస్తే వచ్చే పొడి చాలా సన్నం, దాని జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. ఆ షీట్లు కోయాల్సి వస్తే షెడ్డు లోపల వద్దు, పెరట్లో పెట్టుకుని కొయ్యి.

ఇక మిషన్ల సంగతి. వాక్యూమ్ అంటే బోండాంలో గొట్టం వేసి పీల్చినట్టు: లాగుడు గట్టిగా ఉంటుంది, లాగే గాలి మాత్రం తక్కువ. సాండర్, రూటర్ లాంటి సన్న మూతి ఉన్నవాటికి కావలసింది అదే. సంచి మిషన్ దానికి తిరగేసి ఉంటుంది. ఎక్కువ గాలిని నెమ్మదిగా లాగుతుంది, నాలుగు అంగుళాల గొట్టం కావాలి. ప్లేనర్ (చిత్రిక పట్టే మిషన్), పెద్ద టేబుల్ సా ఉన్నవాళ్లకు అది పనికొస్తుంది. దానికి సాండర్ సన్న గొట్టం తగిలిస్తే ఏమీ లాగదు. రెండున్నర అంగుళాల గొట్టంలో పట్టే గాలి నాలుగు అంగుళాల గొట్టంలో పట్టేదానిలో సగం కూడా ఉండదు. అందుకే నీకున్న పనిముట్లకు ముందు వాక్యూమే కొనమంటున్నాను. పది వేల లోపే దొరుకుతుంది.

కొట్టువాడు చెప్పే హార్స్‌పవర్, లీటర్లు చూసి మోసపోకు. లీటర్లంటే డబ్బా సైజు మాత్రమే. గాలి లెక్కకు సీ.ఎఫ్.ఎం., అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి లాగుతుందో అడుగు. అట్టపెట్టె మీద వేసే ఆ అంకె కూడా గొట్టం, సంచి తగిలించకముందు కొలిచినదే. నీ షెడ్డులో బిగించాక సగం వస్తే గొప్ప. నాలుగు అంగుళాల పైపులో పొట్టు అడ్డుపడకుండా సాగాలంటే సుమారు 350 సీ.ఎఫ్.ఎం. నిజంగా లాగాలి, అది గుర్తుపెట్టుకుని బేరమాడు.

అన్నిటికంటే ఫిల్టరు ముఖ్యం. చవక సంచి మిషన్లతో 30 మైక్రాన్ల గుడ్డ సంచి ఇస్తారు. దాంతో పొట్టు సంచిలో పడుతుంది, నిన్ను దెబ్బతీసే పొడి గుడ్డలోంచి బయటికొచ్చి షెడ్డంతా పరుచుకుంటుంది. నేల శుభ్రంగా కనిపిస్తుంది, గాలి మాత్రం అంతకుముందుకన్నా పాడవుతుంది. అలాంటిది కొనడం కంటే కొనకపోవడమే నయం. ఎప్పుడైనా సంచి మిషన్ కొంటే 1 మైక్రాన్ సంచి ఉందో లేదో రాయించుకుని కొను. వాక్యూమ్‌కైతే హెపా ఫిల్టరు విడిగా దొరికే మోడలే తీసుకో. 0.3 మైక్రాన్ల పొడిలో 99.97 శాతం ఆపేదాన్నే హెపా అనాలి. పెట్టె మీద హెపా అని రాసి ఈ అంకె చూపించకపోతే పక్కన పెట్టెయ్.

ఆ ఫిల్టరు త్వరగా మూసుకుపోకుండా కాపాడేది సైక్లోన్. గాలి గిర్రున తిరిగి పొట్టు కింద డబ్బాలో పడిపోతుంది, వాక్యూమ్‌లోకి పోయేది కొంచెమే. ప్లాస్టిక్ కోన్ ఒకటి తెప్పించుకుని 20 లీటర్ల పెయింటు బకెట్టు మూతకు బిగిస్తే సరి. బకెట్టు మందంగా ఉండాలి, గొట్టం ఎక్కడైనా అడ్డుపడితే ఆ లాగుడుకు పల్చటి డబ్బా లోపలికి నొక్కుకుపోతుంది. అతుకుల దగ్గర గాలి దూరినా సైక్లోన్ పని చెయ్యదు, సిలికాన్ రాయి.

చలి దేశాల వాళ్లు గదిలో వెచ్చటి గాలిని పోగొట్టుకోలేక దాన్నే వడగట్టి మళ్లీ లోపలికి వదులుతారు, అందుకే ఖరీదైన ఫిల్టర్లు కొంటారు. మనకు అలా గాలిని మళ్లీ లోపలికి వదిలే అవసరం లేదు. వాక్యూమ్‌ను గోడ అవతల రేకు కింద పెట్టి, గొట్టం ఒక్కటే లోపలికి తీసుకో. పొడీ పోతుంది, మోతా పోతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు ఎదురు గోడ కిటికీ తెరిచి ఉంచు, లేకపోతే అది ఊరికే తిరుగుతుంది. పక్కింటివాళ్లు బట్టలు ఆరేసే వైపు మాత్రం వదలకు.

కరెంటు సంగతి బావగారితో కూర్చుని చూడు. 1400 వాట్ల వాక్యూమ్, 1800 వాట్ల టేబుల్ సా ఒకే 16 ఆంపియర్ల లైనులో పెడితే స్టార్టింగ్‌లో ఎం.సి.బి. పడిపోవచ్చు. రెండింటికీ వేర్వేరు లైన్లు లాగించు. ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. ప్లాస్టిక్ గొట్టంలో పొడి రాసుకుంటూ పోతే చేతికి చురుకులు తగులుతాయి, గొట్టానికి పలచటి రాగి తీగ చుట్టి ఎర్తుకు కలిపితే తగ్గుతుంది. ఇనుము కోసే గ్రైండరు దగ్గరికి ఈ వాక్యూమ్ తీసుకెళ్లకు, ఒక్క నిప్పురవ్వ పడితే డబ్బాలోని పొట్టు అంటుకుంటుంది. రాత్రికి డబ్బా ఖాళీ చేసి పడుకో.

ఇన్ని ఉన్నా సాండింగ్ చేసేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకో. మిషన్ ఆపగానే తియ్యకు. డబ్బా దులిపేటప్పుడు, ఫిల్టరు తట్టేటప్పుడు కూడా ఉండాలి, అప్పుడే ఎక్కువ లేస్తుంది.

రేపు ప్లేనర్ కొంటే అప్పుడు సంచి మిషన్ సంగతి మాట్లాడుకుందాం. దానికి మురుగునీటి పైపుల్లో వాడే 110 మిల్లీమీటర్ల ఎస్.డబ్ల్యూ.ఆర్. పైపు సరిపోతుంది. మలుపుల దగ్గర 90 డిగ్రీల ఎల్బో వద్దు, 45 డిగ్రీలవి రెండేసి వెయ్యి.

గొట్టం ఆర్డరు పెట్టే ముందు నీ సాండర్, రూటర్, సా మూతుల కొలతలు లోపలా బయటా తీసి నాకు పంపు. కంపెనీకో సైజు ఉంటుంది, ఏవీ కలవవు. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా అయితే పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగి క్లిప్పు బిగిస్తే సరిపోతుంది, అంతకు మించితే అడాప్టర్ కొనాలి.

అక్కకూ బావగారికీ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య