రక్తంలో ‘కనిపించలేదు’ అంటే లేనట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. జీవితంలో ఒక్క సిగరెట్టు కాల్చలేదు. దగ్గు ఎంతకీ తగ్గకపోతే స్కాన్ చేయించాం, ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజీ అన్నారు. అడినోకార్సినోమా అనే రకం అని రాశారు. బయాప్సీలో తీసిన ముక్క జన్యు పరీక్షకి చాలలేదట. మళ్లీ సూది గుచ్చుతామంటే నాన్న ససేమిరా అంటున్నారు. అందుకే రక్తంతో చేసే జన్యు పరీక్ష చేయించాం. మ్యుటేషన్ (జన్యువులో మార్పు) ఏదీ కనిపించలేదని రిపోర్టు వచ్చింది. ఇక ఆ మార్పుని బట్టి ఇచ్చే మాత్రల ఆశ వదిలేసి కీమో, ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) కలిపి మొదలుపెట్టిద్దామంటాడు తమ్ముడు. అసలు ఈ రక్త పరీక్షే వ్యాపారమని వాడి కోపం. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. దారి మూసుకుపోయినట్టేనా డాక్టర్ గారూ?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మూసుకుపోలేదమ్మా. రిపోర్టులో ఉన్న మాట ‘కనిపించలేదు’ అని, ‘లేదు’ అని కాదు. మీ ఇంట్లో అందరూ దాన్ని ‘లేదు’ అని చదువుకున్నారు, చాలా ఇళ్లలో జరిగేది ఇదే, నాకు బాధ కలిగించేదీ ఇదే.

గడ్డలోని కణాలు చనిపోయేటప్పుడు వాటి డీఎన్ఏ చిన్న చిన్న ముక్కలై రక్తంలో కలుస్తుంది. ఒక్కో ముక్క పొడవు సుమారు 160, 170 అక్షరాలు. అయితే రక్తంలో తేలే డీఎన్ఏలో చాలాభాగం మామూలు కణాలది, ముఖ్యంగా తెల్ల రక్తకణాలది. గడ్డ నుంచి వచ్చింది ఒక్కోసారి వందో వంతు కూడా ఉండదు, ల్యాబ్ వాళ్లు వెతకాల్సింది దాన్ని. కొన్ని గడ్డలు రక్తంలోకి ఎక్కువగా వదులుతాయి, కొన్ని దాదాపు ఏమీ వదలవు. జబ్బు ఛాతీ దాటకపోయినా, మెదడుకు మాత్రమే పాకినా రక్తంలో జాడ దొరకడం కష్టం. బయాప్సీ ముక్కలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉందని తేలినవాళ్లలో కూడా పదిమందిలో ఇద్దరు ముగ్గురికి, ఒక్కోసారి అంతకంటే ఎక్కువమందికే, రక్తంలో అది దొరకదు. ఏఎల్‌కే లాంటి మార్పులైతే, అంటే రెండు జన్యువులు ఒకదానికొకటి అతుక్కుపోయే రకం, రక్తంలో పట్టుకోవడం ఇంకా కష్టం.

ఇప్పుడు ఆ రిపోర్టు తీసి రెండో పేజీ, మూడో పేజీ చూడండి. ట్యూమర్ ఫ్రాక్షన్ (రక్తంలోని డీఎన్ఏలో గడ్డది ఎంత భాగమో చెప్పే అంకె) అనో, శాతాలతో ఒక పట్టికో ఉంటుంది. మందు లేని మార్పు అయినా సరే, టీపీ53 అనే జన్యువులో మార్పు లాంటిది ఏదైనా చెప్పుకోదగ్గ శాతంలో ఉంటే గడ్డ డీఎన్ఏ ఆ గొట్టంలోకి వచ్చి ఉండొచ్చు, అప్పుడు మిగతావి లేవన్న మాటకు కొంచెం బరువు ఉంటుంది. కొంచెం అని ఎందుకంటున్నానంటే, వయసుతో పాటు రక్తకణాల్లోనే ఇలాంటి మార్పులు పుడతాయి, వాటికీ గడ్డకూ సంబంధం ఉండదు. అదే పట్టిక మొత్తం ఖాళీగా ఉంటే, ఆ పరీక్ష నాన్నగారి క్యాన్సర్‌ని అసలు చూడనే లేదేమో అనుకోవాలి. మీది రెండో రకం అయి ఉంటుందని నా అనుమానం. మన దేశంలో ఈ రకం క్యాన్సర్ ఉన్నవాళ్లలో నాలుగో వంతు మందికి పైగా ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటుంది, పొగ అలవాటు లేనివాళ్లలో ఇంకా ఎక్కువ. అలాంటి మనిషి విషయంలో ఒక్క ఖాళీ రిపోర్టు చూసి ఆగిపోకూడదు.

సూది అనగానే నాన్నగారు భయపడటం సహజం, మొదటిసారి నొప్పి పడి ఉంటారు. కానీ అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందా? చేరితే ఆయాసం తగ్గడానికి ఎలాగూ తీస్తారు, ఆ నీటిలోని కణాలతోనే పరీక్ష చేయొచ్చు, పారబోయనివ్వకండి. మెడ దగ్గర గడ్డ చేతికి తగులుతోందా? అక్కడ గుచ్చడం ఛాతీలో గుచ్చినంత కష్టం కాదు. పాత బయాప్సీ బ్లాక్‌లో, అంటే ముక్కని మైనంలో భద్రపరిచిన దిమ్మలో, కొంచెమైనా మిగిలిందా? చాలా జన్యువుల్ని ఒకేసారి చూసే పెద్ద ప్యానెల్‌కి చాలని ముక్క ఒక్క ఈజీఎఫ్ఆర్ పరీక్షకి చాలొచ్చు, ఏఎల్‌కేకి రంగు వేసి చూసే పరీక్షకి పల్చటి పొర చాలు. ఇమ్యునోథెరపీ ఎంతవరకు పనిచేయొచ్చో అంచనా వేయడానికి పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ చూడాలన్నా ముక్కే కావాలి, మీరు చేయించిన రక్త పరీక్షలో అది తేలదు.

తమ్ముడికి ఒక మాట గట్టిగా చెప్పండి. ఆయాసం ఎక్కువగా ఉండి ఆగలేని పరిస్థితి అయితే కీమో మొదలుపెట్టొచ్చు, తప్పు లేదు. ఇమ్యునోథెరపీని మాత్రం జన్యు ఫలితం తేలేదాకా ఆపగలమా అని మీ డాక్టర్‌ని అడగండి. అది ఎక్కించిన కొద్దికాలానికే ఈజీఎఫ్ఆర్ మార్పు బయటపడి దానికిచ్చే ఓసిమెర్టినిబ్ మాత్ర మొదలుపెడితే ఊపిరితిత్తుల్లో తీవ్రమైన వాపు వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

వ్యాపారం అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. రక్తంలో ఇలా విడిగా తిరిగే డీఎన్ఏ గురించి ఫ్రాన్సులో మాండెల్, మెటే అనే ఇద్దరు 1948లోనే రాశారు. అమెరికా ఎఫ్‌డీఏ ఇలాంటి రక్త పరీక్షకి మొదటిసారి అనుమతి ఇచ్చింది 2016లో, అదీ నాన్నగారి జబ్బుకే, ఈజీఎఫ్ఆర్ కోసమే. రక్తంలో ‘ఉంది’ అని వస్తే నమ్మి మందు మొదలుపెట్టేస్తాం, మళ్లీ సూది అక్కర్లేదు. ‘కనిపించలేదు’ అంటేనే ముక్క కోసం వెతకాలి. ఈ సంగతి రక్తం తీసే ముందే మీకు ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

ప్రశ్న: అమ్మకి నాలుగేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఎముకలకి పాకింది, లెట్రోజోల్ అనే హార్మోన్ తగ్గించే మాత్రలు వాడుతుండగానే పెరిగింది. అప్పటి గడ్డ బ్లాక్ ఆసుపత్రిలో భద్రంగా ఉంది కదా, మళ్లీ రక్తంతో జన్యు పరీక్ష ఎందుకు?
— హనుమకొండ నుంచి

జవాబు: ఆ బ్లాక్ నాలుగేళ్ల కిందటి క్యాన్సర్‌ది బాబూ. లెట్రోజోల్ లాంటి మాత్రల ఒత్తిడికి తట్టుకునే కణాలు ఈలోపు పెరుగుతాయి, వాటిలో ఈఎస్ఆర్1 అనే జన్యువులో మార్పు వస్తుంది, పాత ముక్కలో అది సాధారణంగా ఉండదు. రక్తంలోని డీఎన్ఏ మహా అయితే రెండు మూడు గంటల్లో సగానికి తగ్గిపోతుంది కాబట్టి గొట్టంలో ఉన్నది ఈ రోజు క్యాన్సర్. అందుకే జబ్బు పెరుగుతున్నప్పుడే రక్తం ఇవ్వాలి, కొత్త చికిత్స మొదలై పనిచేయడం మొదలుపెడితే జాడ తగ్గిపోతుంది.

డబ్బు కట్టే ముందు మాత్రం డాక్టర్‌ని అడగండి: మార్పు దొరికితే ఏ మందు ఇస్తారు, అది ఇక్కడ దొరుకుతుందా, నెలకి ఎంత? ఈఎస్ఆర్1 కోసం అమెరికాలో 2023 జనవరిలో ఎలాసెస్ట్రాంట్ అనే మాత్రకి అనుమతి వచ్చింది. మందు కొనలేని పరిస్థితి అయితే, దొరికిన మార్పుతో చికిత్సలో ఇంకేమైనా మారుతుందా అని కూడా అడగండి. ఏమీ మారదంటే ఆ డబ్బు అమ్మ నొప్పి తగ్గించడానికి, తిండికి, ప్రయాణాలకి దాచుకోండి. ఆరోగ్యశ్రీ సంగతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి, మొహమాటపడొద్దు.

ఒక చిన్న జాగ్రత్త. మొన్న ఒకాయన పాపం గొట్టాలు రెండూ ఐస్ డబ్బాలో పెట్టుకుని బస్సులో తెచ్చారు. ఈ పరీక్షకి వాడే ప్రత్యేక గొట్టాలని చాలామటుకు ఫ్రిజ్‌లో పెట్టకూడదు, మామూలు గది వేడిమిలోనే ఉంచాలి. మళ్లీ రక్తం తీయాల్సి వచ్చింది ఆయన భార్యకి.

ప్రశ్న: అక్క రక్త పరీక్ష రిపోర్టులో ‘బీఆర్‌సీఏ2, 49 శాతం’ అని ఉంది. అండాశయ క్యాన్సర్, మూడో స్టేజీ. నేను మగవాణ్ని, నాకేమైనా సంబంధం ఉందా?
— రాజమహేంద్రవరం నుంచి

జవాబు: ఉండొచ్చు. రక్తంలో దొరికిన బీఆర్‌సీఏ2 జన్యువు ముక్కల్లో ఎన్నింటిలో మార్పు ఉందో ఆ శాతం చెబుతుంది. పుట్టుకతో వచ్చిన మార్పు జన్యువు రెండు ప్రతుల్లో ఒకదానిలో ఉంటుంది కాబట్టి, సగానికి దగ్గరగా వచ్చిందంటే ఆ మార్పు గడ్డలో పుట్టింది కాకుండా పుట్టుకతో వచ్చింది కావచ్చు, కానీ ఈ రిపోర్టుతో అది తేల్చలేం. అక్కకి వంశపారంపర్య పరీక్ష విడిగా చేయించాలి, రక్తంతోనో లాలాజలంతోనో చేస్తారు. పుట్టుకతోనే ఉందని తేలితే తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి సగం అవకాశం, ఆడా మగా తేడా లేదు. మగవాళ్లలో బీఆర్‌సీఏ2 వల్ల ప్రోస్టేట్, రొమ్ము క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. అక్క ఫలితం వచ్చాక, జెనెటిక్ కౌన్సెలర్‌ని కలిసి, అప్పుడు మీరు చేయించుకోండి. మీకు కూతురుంటే ఆ సంగతి కూడా కౌన్సెలర్‌కి చెప్పండి, తండ్రి వైపు నుంచి రాదనుకుని చాలామంది చెప్పరు.