ఈరీ సరస్సు దీవుల నీటిపాముల్లో ఉపజాతి ఏది: చారలున్నదా, లేనిదా?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం వైపు ఈరీ సరస్సులో ఉన్న కెల్లీస్ దీవిలో ఒకే ఒడ్డున చారల్లేని బూడిదరంగు నీటిపాము, చారలున్న నీటిపాము రెండూ కనిపించాయని, వాటిలో ఏది దీవి ఉపజాతి అని మీరు అడిగారు. రెండూ అదే ఉపజాతి. ఒహాయోలో ఉన్న రోజుల్లో నాకూ ఇదే సందేహం వచ్చింది.

మార్బుల్‌హెడ్ నుంచి ఫెర్రీలో ఆ దీవికి వెళ్లిన ఒక ఉదయం, సున్నపురాతి బండ మీద ఎండ కాగుతున్న పామును రెండు గజాల దూరం నుంచి చూశాను. ఒళ్లంతా రాతిరంగే కావడంతో, అది కదిలి నీళ్లలోకి జారేదాకా తోక ఎక్కడ ముగిసిందో, బండ ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఆ పక్క బండ మీద ముదురు గోధుమరంగు పట్టీలున్న మరొకటి ఉంది. అది ప్రధాన భూభాగం నుంచి ఈదుకుంటూ వచ్చిన మామూలు రకమేనని నిశ్చయించుకుని, ఫోటో కింద అలాగే రాశాను. అది పొరపాటు.

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో పేరు పెట్టిన సిపెడాన్ అనే జాతిలో, ఈ దీవుల పాములను 1937లో రోజర్ కొనాంట్, విలియం క్లే ప్రత్యేక ఉపజాతిగా వర్ణించి ఇన్సులారం అన్నారు. లాటిన్‌లో ఆ మాటకు 'దీవులకు చెందిన' అని అర్థం. అప్పట్లో నాట్రిక్స్‌గా ఉన్న ప్రజాతి (దగ్గరి జాతులను కలిపిన వర్గం) తరువాత నెరోడియా అయింది కనుక, నేటి పుస్తకాల్లో వారిద్దరి పేర్లను కుండలీకరణాల్లో ముద్రిస్తారు.

అసలు విషయం ఏమిటంటే, ఉపజాతి అనేది ఒక్కో పాముకు వేసే ముద్ర కాదు, ఒక ప్రాంతంలోని పాముల సమూహానికంతటికీ పెట్టే పేరు. దీవుల్లో చారలు మసకబారినవి, పూర్తిగా లేనివి ఎక్కువ; భూభాగంలో చారలున్నవే కనిపిస్తాయి. 1958లో క్యామిన్, ఎర్లిక్ అనే జీవశాస్త్రవేత్తలు దీవుల్లో పుట్టిన పిల్లలను పెద్ద పాములతో పోల్చి చూస్తే, చారలు పిల్లల్లోనే ఎక్కువగా ఉన్నాయి. లేతరంగు రాళ్ల మీద చారల పిల్లలు శత్రువుల కంట ముందుగా పడి తగ్గిపోతాయని వారు వివరించారు. ఇది నాకు ఎంతో నచ్చిన పరిశీలన. అయినా భూభాగం నుంచి పాములు అప్పుడప్పుడు వచ్చి దీవి పాములతో జతకట్టడం వల్ల చారలు పూర్తిగా మాయం కావు. అందుకే దీవిలో పుట్టిన పాముకు చారలున్నా అది ఇన్సులారమే.

చట్టం కూడా రంగుకన్నా చోటునే పట్టుకుంది. 1999లో అమెరికా ప్రభుత్వం దీనిని ముప్పున్న జీవుల జాబితాలో చేర్చినప్పుడు, ఆ రక్షణ ఒహాయో ఒడ్డుకు మైలుకు మించిన దూరంలోని దీవుల పాములకే వర్తించింది. సంఖ్య కోలుకోవడంతో 2011లో దానిని ఆ జాబితా నుంచి తొలగించారు. కాబట్టి మీ రెండు ఫోటోల కిందా దీవి పేరు తప్పక రాయండి.